మగ్గం ఆగిన కాసేపు

నాయుడుపేట
జనవరి

భువన వదినకు,

కోమలి రాసేది. అన్న, నా మేనకోడలు మహిత బాగున్నారని తలుస్తాను. నువ్వు పంపిన మెమరీ కార్డు మునికుమార్ గుడ్డల వ్యాన్‌లో భద్రంగా వచ్చింది. కవరు మీద చింతపండు మరక చూసి మా ఆయన, దీంట్లో వీడియో వచ్చిందా పులుసు వచ్చిందా అన్నాడు.

ఫోన్‌లో చెప్పుకోవచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరాలేమిటని ఇక్కడ అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ. మా కంపెనీలో గేటు దగ్గరే ఫోను లాకర్లో పెట్టేయాలి. నేను బయటపడే వేళకు మీ ఇంట్లో రెండు మగ్గాలూ మోగుతుంటాయి. నేనొకటి చెబితే నువ్వింకొకటి వింటావు. వాట్సాపులో రాస్తే శుభోదయం బొమ్మల కింద పూడుకుపోతుంది. కాగితమైతే వంటింటి గోడకు అంటించుకుంటానన్నది నువ్వే. కాబట్టి ఇది అంటించుకో.

మొదటి సంగతి, వెనకాల సద్దు తీసేసే సాధనం ఒకటి ఆన్‌లైన్‌లో దొరికింది. వీడియో దాంట్లో వేస్తే ముందున్న మనిషి గొంతొక్కటే ఉంచి మిగతాదంతా తుడిచేస్తుంది. మగ్గం నడుస్తుండగా తీసి, పనికిరాదు పొమ్మన్నావే టమాటా ఊరుబిండి పచ్చడి వీడియో, దాన్నే వేసి చూశాను. మగ్గాలు పోయాయి. పక్కింటి మిక్సీ పోయింది. వీధిలో ఐసు బండివాడి గంట కూడా పోయింది. నీ గొంతు ఒక్కటే ఎంత నిమ్మళంగా ఉందో వింటే నీకే ఆశ్చర్యమేస్తుంది. ఇకమీదట నువ్వు వీడియో తీసినప్పుడల్లా అన్న మగ్గం ఆపి నిలబడాల్సిన పనిలేదని చెప్పు. ఆయన నేత ఆయనది, నీ వంట నీది.

ఇంకోటి, ఛానల్ పెట్టిన కొత్తలో నువ్వే ఫోన్‌లో తీసి పెట్టినవి ఉన్నాయే, ఆ కారం దోశ, పచ్చిపులుసు వగైరా, అవి చీకటిగా ఉన్నాయి, ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు వాటిని చూస్తే మళ్లీ రారు. తుడిచెయ్యనులే, భయపడకు. ఎవరికీ కనిపించకుండా దాచిపెడతాను.

ఇక అలవాటు చేసుకోవాల్సింది. ఒకే రోజు రెండు మూడు వంటలు తీసి పంపెయ్. ఏ శుక్రవారం ఏది రావాలో నేను ముందే టైము పెట్టేస్తాను. దాని పాటికి అదే బయటికి వెళ్తుంది. నీకు జ్వరమొచ్చినా ఛానల్ ఆగదు. బ్లాగులో రాసేదానికి కూడా కష్టపడకు, ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో అదే రాసుకుంటుంది. తప్పులు నేను దిద్దుతాను.

నీ
కోమలి


నగరి
ఫిబ్రవరి

కోమలి పాపకు,

వదిన రాసేది. నీ ఉత్తరం గోడకు అంటించినాను. పోపు చిట్లి సగం ఉత్తరం మీద పడింది, ఇంకో నెలకు మొత్తం తాలింపు వాసనే. అర్థమైనంత చేస్తాను.

ఆ మైకు బొమ్మతో మాట్లాడి చూసినాను. నేను చెప్పింది నాలుగు మాటలు, మగ్గం చెప్పింది నలభై. ఏందేందో రాసింది. బ్లాగుకు నేను కాగితం మీదనే రాసి పంపుతాలే, నువ్వు కొట్టుకో. పాత వీడియోలు దాస్తానన్నావు, దాచెయ్. వాటిని చూస్తే నాకే సిగ్గు. వాటిలో నా చీరకు పిన్నీసు కూడా సరిగ్గా లేదు.

సద్దు తీసే సంగతి మీ అన్నకు చెప్పినాను. అప్పుడు కూడా వీడియో కోసమని మగ్గం ఆపి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంకమీద ఆపే పనిల్యా, కోమలి మిషన్లో తీసేస్తాదంట" అన్నాను. "అయితే నేను నిలబడబల్లేదా" అన్నాడు. "బల్లేదు, నేసుకో" అన్నాను. పని చెడకుండా ఉంటుంది, సంతోషిస్తాడనుకుంటే గమ్మున పోయి మగ్గంలో నూలు కండె మార్చుకున్నాడు. మీ అన్న సంగతి నీకు తెలియంది కాదు. వీడియో తీసేటప్పుడు మాట్లాడకూడదు కదా, ఆ కాసేపు ఊరికే నన్ను చూస్తా నిలబడేవాడు. ఉప్పు మర్చిపోతే కనుబొమ్మలు ఎగరేసి చెప్పేవాడు. పెళ్లయిన కాణ్నించి పగటిపూట ఆయన మగ్గం వదిలి నన్ను చూసింది ఆ కాసేపే అనుకుంటా. ఇట్లాంటివి రాస్తే నవ్వుతావు. నవ్వుకో.

కార్డు పని అయినాక పూర్తిగా తుడిచి పంపు. మనకుండేది రెండే కార్డులు. పోయినసారి సగం నిండింది పంపినావు, ఉలవచారు సగంలోనే ఆగిపోయింది. మళ్లీ ఉలవలు నానబెట్టుకోవాల్సి వచ్చింది.

ఆశీస్సులతో
వదిన


నాయుడుపేట
మార్చి

వదినా,

ఉలవచారు పాపం నాదే. ఇకనుంచి కార్డు తుడిచి, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి పంపుతాను.

జనం ఏమని వెతుకుతున్నారో చూపించే పేజీ ఒకటి ఉంది. ఊరుబిండి అని రాస్తే మన చిత్తూరు వాళ్లకు తప్ప ఎవరికీ తెలియడం లేదు. అందుకని పైన రోటి పచ్చడి అని పెట్టి, పక్కన ఊరుబిండి అని పెట్టాను. నీకు కోపమొస్తుందని తెలుసు. కానీ చూసేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ముందు కనిపించే బొమ్మ కూడా మార్చాను, నువ్వు రోలు ముందు నవ్వుతున్నది. అక్షరాలు తక్కువ, పెద్దవి. వీడియో కింద మాటలు రాసేవాళ్లకు మొదటి రోజే జవాబివ్వు, ఒక్క ముక్కయినా చాలు. ఇది మాత్రం మర్చిపోకు.

ఈసారి కార్డు వింటుంటే నవ్వాపుకోలేకపోయాను. నువ్వు మామిడికాయ పప్పు గురించి అంత శ్రద్ధగా చెబుతున్నావా, వెనకనుంచి అన్న మగ్గం సద్దు మించి అరుస్తున్నాడు, "మే, ఉప్పేసినావా? చెప్పనేలేదే" అని. ఇంకోచోట ఏదో పాట, రాగం ఒకటి, మాటలు ఇంకొకటి. సాధనంలో వేస్తే ఒక్క ముక్క మిగల్చలేదు. అన్న ఇంట్లో ఉన్నాడని కూడా ఎవరికీ తెలియదు. అంత శుభ్రంగా వచ్చింది.

కార్డు తుడిచి పంపుతున్నాను.

కోమలి


నగరి
జూన్

కోమలి పాపకు,

కాణిపాకం పోయొస్తుంటే ఐరాల బస్సులో ఒకామె నన్నే చూస్తా చూస్తా, "మీరు ఊరుబిండి భువనక్క గదా" అనింది. నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. మహిత మాత్రం "అవును, మా అమ్మే" అని గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి మీ అన్నకు చెబితే, "ఈడ నేనొకణ్ణి ఉండానని చెప్పినావా ఆమెకు?" అన్నాడు. వీడియోలో కనపడమంటే కనపడవు గదా అన్నాను. "నా మొగం యాల. కనపడకపోతే లేనట్టా" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు.

జులైలో వచ్చే ఆడి నెలకు సరిపడా తీసినాను. అలసంద వడలు, రాగి కూళు, మురుకులు. ముందే టైము పెట్టేసెయ్, ఆడిలో పండగ పనులతో నాకు తీరదు. తలలో పూలు పెట్టుకుని తీయమన్నావు కదా, మల్లెలు పెట్టుకున్నాను. మీ అన్నే తెచ్చినాడు, నేను అడక్కముందే.

కార్డు తుడిచి పంపు.

వదిన


నగరి
ఆగస్టు

కోమలికి,

మీ అన్న పోయి ఇరవై రోజులు కావస్తోంది. నువ్వూ వచ్చినావు, అంతా చూసినావు, మళ్లీ రాసే పనిలేదు. పొద్దున టీ తాగి మగ్గం వేయబోయినాడు, గుండె పట్టుకుని కూలబడినాడు. పుత్తూరు ఆస్పత్రి దాకా కూడా పోలేకపోయినాము.

నీకు తెలియంది ఒకటుంది. పదహారో రోజు నువ్వు వెనక దొడ్లో వంటవాళ్ల దగ్గర ఉన్నావు. నన్ను లోపల కూర్చోబెట్టినారు. బొట్టు, గాజులు తీసినాక గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు వసారాలో ఎవరి ఫోన్లోనో నా గొంతు వినిపించింది. అందరికీ నమస్కారం, ఆడి శుక్రవారానికి అలసంద వడలు చేసుకుందాం రండి అని. అంత నిమ్మళంగా, వెనక ఏ సద్దూ లేకుండా. తల నిండా మల్లెలు, మొగం నిండా నవ్వు. మనం పెట్టిన టైముకే వచ్చింది. చంద్రకాంతమ్మ పిన్ని, "మొగుడి కర్మ కూడా తీరలేదు, వడలు కాలుస్తా ఉండాది సూడు" అనింది. అది జూన్‌లో తీసిందని ఎవరికని చెప్పేది? ఆ మల్లెలు ఆయన తెచ్చినవే అని ఎవరికని చెప్పేది?

జ్వరమొచ్చినా ఛానల్ ఆగదు అని రాసినావు. ఆగలేదు.

నీ మీద కోపం పెట్టుకోవాలని రాయడం లేదు. కోపం ఉండాది, కానీ దానికోసం రాయడం లేదు. నాకు ఆయన గొంతు కావాలి.

ఇల్లంతా వెతికినాను. ఆయనది బటన్ ఫోను, దాంట్లో ఏమీ లేదు. పెళ్లి క్యాసెట్టు పెట్టించి చూసినాను, మొదటినుంచి చివరిదాకా నాదస్వరమే, మనుషుల నోళ్లు కదుల్తాయి, మాట రాదు. మహిత వాళ్ల నాయన మాదిరి మాట్లాడాలని చూస్తుంది. గొంతు లావు చేసుకుని "మే" అంటుంది. "ఇట్ల కాదు" అంటుంది. మళ్లీ అంటుంది. మళ్లీ "ఇట్ల కాదు" అని ఏడుస్తుంది. నేను సరిదిద్దాలని చూస్తే నాకూ సరిగ్గా రావడం లేదు.

కార్డుల్లో ఆయన ఉన్నాడు గదా. ఉప్పేసినావా అని అరిచినాడని నువ్వే రాసినావు. నీ కంప్యూటర్లో ఎక్కడైనా మిగిలిందేమో చూడు.

భువనేశ్వరి


నాయుడుపేట
ఆగస్టు

వదినా,

నీ ఉత్తరం అందింది. ఆ వీడియో సంగతి నాకు తెలియదు. ఆ రోజు నా ఫోను సంచిలో ఉంది. అన్న పోయాడని తెలిసిన క్షణంలో అవన్నీ ఆపాలని నాకు తట్టలేదు. కూళు, మురుకులు రెండూ ఇప్పుడు ఆపేశాను. ఇంక ఏదీ దానంతటది బయటికి రాదు.

భువనక్క ఏమైంది అని చాలామంది అడుగుతున్నారు. సంగతి చెప్పి రెండు మాటలు పెట్టమంటావా? నువ్వు ఊ అంటేనే పెడతాను. పిచ్చి మాటలు రాసేవాళ్లు కూడా కొందరున్నారు, అలాంటివి కనిపించకుండా ఆపే ఏర్పాటుంది, అది చేశాను. మహితను స్కూలుకు పంపుతున్నావా? నువ్వు సరిగ్గా తింటున్నావా?

నువ్వడిగింది చూస్తాను. ఇక్కడ కంపెనీలో పని ఎక్కువగా ఉంది.

కోమలి


నగరి
సెప్టెంబరు

కోమలికి,

నేనడిగింది ఒకటి. నువ్వు రాసింది వేరే. మహిత స్కూలుకు పోతోంది. నేను తింటున్నాను. పెట్టేదేమైనా ఉంటే నీకు తోచింది పెట్టు.

లేకపోతే లేదని రాయి. చూస్తానని రాయబాక. ఆశ పెట్టుకుని ఎదురుచూసే ఓపిక నాకు లేదు. రోజూ వ్యాన్ వచ్చే వేళకు వాకిట్లో నిలబడుతున్నాను.

వీధి చివర చిన్నబ్బ మగ్గాలు అడుగుతున్నాడు. రెండూ ఇచ్చేయాలనుకుంటున్నా. ఆగిన మగ్గాలు ఇంట్లో పెట్టుకుని ఎవరి కోసం.

భువనేశ్వరి


నాయుడుపేట
సెప్టెంబరు

వదినా,

లేదు.

ఈ మాట రాయలేకనే పోయిన ఉత్తరంలో తప్పించుకున్నాను. పోయినవాటిని వెనక్కి తెచ్చే సాధనాలు ఆన్‌లైన్‌లో ఎన్ని ఉన్నాయో అన్నీ వేసి చూశాను. నా దగ్గరున్న కార్డులో పాతవాటి మీద కొత్తవి, వాటి మీద ఇంకా కొత్తవి. అడుగున ఏమీ మిగల్లేదు. నీ దగ్గరున్నదీ నేను ఇలాగే తుడిచి పంపిందే. కంప్యూటర్లో ఉన్నవి కూడా సద్దు తీసేసినవే. వెనక్కు తెచ్చుకునేలా ఒక నకలు దాచుకోవాలని ఎక్కడో చదివాను కూడా. మగ్గం సద్దు ఎవరికి కావాలనుకున్నాను.

అయినా ఉన్నవన్నీ మొదటినుంచి మళ్లీ విన్నాను. సౌండు పూర్తిగా పెంచి విన్నాను. అన్న మాట్లాడిన చోటల్లా శూన్యం. మామిడికాయ పప్పులో ఒకచోట నువ్వు గరిటె ఆపి, పక్కకు తిరిగి, ఊరికే నవ్వుతావు. చూసేవాళ్లకు ఎందుకు నవ్వావో తెలియదు. నాకు తెలుసు. అక్కడ అన్న ఉప్పు గురించి అరిచాడు. నీ నవ్వు మిగిలింది, అన్న మాట పోయింది. అక్కడ ఆపేసి ఏడ్చాను వదినా. నాకూ ఆయన ఒక్కడే అన్న.

ఇంక ఏమీ లేదని నీకు రాద్దామని కూర్చుని, ఛానల్ మొత్తం జాబితా ఒకసారి కిందిదాకా చూస్తుంటే, జనవరిలో నేను దాచిపెట్టిన ఆ పాత వీడియోలు కనిపించాయి. వాటిలో మనింటి మగ్గం సద్దే లేదు కదా, అన్న గొంతు ఎక్కడుంటుందని వదిలేయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి నా సాధనం రాలేదు. వాటిలో సద్దు లేకపోవడం నేను చేసింది కాదు. అన్న మగ్గం ఆపి నిలబడినందువల్ల.

కారం దోశ తెరిచి విను. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విను. నీకొక్కదానికే కనిపించేలా పంపాను. వీధిలో మిగతా ఇళ్ల మగ్గాలు సన్నగా వినిపిస్తాయి, మనింట్లోవి వినిపించవు. నువ్వు దోశ తిప్పుతావు, కారం పూస్తావు, నువ్వు మాట్లాడినంతసేపూ అన్న అక్కడే ఉన్నాడు. చివర కత్తిరించడం అప్పటికి నీకు తెలియదు. ఫోను ఆపడానికి చెయ్యి చాపుతావు, చెయ్యి అడ్డమొచ్చి అంతా చీకటవుతుంది, కానీ సరిగ్గా నొక్కుకోలేదు. ఆ చీకట్లో అన్న గొంతు ఉంది.

నేను ఏమన్నాడో రాయను. నువ్వే విను.

కోమలి


నగరి
అక్టోబరు

కోమలి పాపకు,

విన్నాను. మహిత స్కూలుకు పోయినాక పొయ్యి పక్కన కూర్చుని విన్నాను. మొదట చివరికి పోలేదు. మొత్తం విన్నాను. దోశ మీద కారం పూస్తా ఒకసారి ఎడమ పక్కకు చూస్తాను. మగ్గం అటే. మళ్లీ దోశ తిప్పుకుంటాను.

తర్వాత చెయ్యి అడ్డమొచ్చింది.

"అయిందా మే" అన్నాడు.

"ఆ, అయింది. ఏసుకో" అన్నాను నేను. మగ్గం మొదలైంది. వీడియో ఆగిపోయింది.

అంతే గదా. మగ్గం ఏసుకోవడానికి అడిగినాడు. కానీ ఎంత మెల్లగా అడిగినాడో నువ్వూ విన్నావు. నేనేమో ఎంత తొందరగా చెప్పేసినానో చూడు. ఇంకా కాలేదు, ఇంకొంచేపు ఉండు అని ఉంటే ఉండేవాడు. ఆయన ఏనాడూ నన్ను తొందరపెట్టలేదు.

సాయంత్రం మహితకు వినిపించినాను. రెండుసార్లు వినింది. "ఇట్లనే" అనింది. ఆ రాత్రి నుంచి అది నాయన మాదిరి మాట్లాడాలని చూడటం లేదు. కావాలంటే ఫోను తెచ్చి పెట్టమంటుంది.

చిన్నబ్బకు ఒక మగ్గమే ఇచ్చినాను. ఆయన నేసింది ఇవ్వలేదు. పగలు నేనే ఏస్తున్నాను. పోగు తెగితే అతకడం ఆలస్యమవుతుంది, అయినా నడుస్తోంది.

పోయిన శుక్రవారం కారం దోశ మళ్లీ తీసినాను. పూలు లేవు, బొట్టు చిన్నది. చంద్రకాంతమ్మ పిన్ని ఏమన్నా అనుకోనీ. తీసే ముందు పోయి మగ్గం ఆపినాను. నీ సాధనం ఉందని తెలుసు, ఆపే పనిలేదని తెలుసు. అయినా ఆపినాను. దోశ అయింది, చెప్పాల్సిన మాటలూ అయినాయి. ఫోను ఆపడానికి చెయ్యి చాపలేదు. అట్నే నిలబడినాను. వీధిలో అందరి మగ్గాలూ మోగుతున్నాయి. చానాసేపు నిలబడినాను, ఎవరూ అడగలేదు.

కార్డు దీంతో పంపుతున్నాను. సద్దు తీయబాక. చివర కత్తిరించబాక. ఇంక దేన్నీ తుడిచి పంపబాక, నేను ఇంకో కార్డు కొనుక్కున్నాను.

నీ వదిన
భువనేశ్వరి